నేలలో దొరికిన ఉంగరం ఎవరిది?

నేలలోంచి బయటపడిన పాత ఉంగరం ‘ఇది నాది’ అనే మాటకు గట్టి పరీక్ష పెడుతుంది. పొలం ఎవరిదో పహాణీ చెబుతుంది. ఇల్లు ఎవరిదో ఊరు చెబుతుంది. మేతకు పోయిన ఆవు పొద్దుగూకేసరికి తన కొట్టానికి తానే వస్తుంది. ఉంగరానికి ఇలాంటి సాక్షులెవరూ ఉండరు. వేలి నుంచి జారి మట్టిలో పడ్డాక, మీద పేరో ముద్రో ఉంటే తప్ప, అది ఎవరిదో చెప్పే గుర్తు మిగలదు. అయినా ఎవరో ఒకరు దాన్ని చేయించుకున్నారు, పెట్టుకున్నారు, పోయిందని వెతుక్కున్నారు. ఆ మనిషి హక్కు ఎప్పటితో ముగిసింది, ఎత్తుకున్నవాడి హక్కు ఎప్పుడు మొదలైంది, మధ్యకాలంలో ఆ సొత్తు ఎవరిది అన్నది భారతీయ ధర్మశాస్త్రం మొదలుకొని ఇస్లాం, యూదు, బౌద్ధ సంప్రదాయాల దాకా అందరూ తలకెత్తుకున్న ప్రశ్న.

బంగారం, వెండి ఈ ప్రశ్నను చెరో రకంగా ముందు పెడతాయి. గాలి, తేమ బంగారాన్ని ఏమీ చేయలేవు. రెండు వందల ఏళ్ల నాటి బంగారు ఉంగరం కూడా మట్టి కడిగితే నిన్న పోయినట్టే కనిపిస్తుంది. వెండి గంధకంతో కలిసి నల్లబడుతుంది కాబట్టి కాలం దాని మీద కొంతైనా కనబడుతుంది. మెటల్ డిటెక్టర్ ఈ విషయంలో మనిషికి పెద్దగా సాయపడదు. దాని తీగచుట్టలో మారుతూ ఉండే విద్యుత్తు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, అక్కడ లోహం ఉంటే అందులో సుడి ప్రవాహాలు పుడతాయి, వాటి ప్రతిస్పందనను యంత్రం చప్పుడుగా మారుస్తుంది. చిన్న బంగారు ఉంగరానికి, అల్యూమినియం రేకు ముక్కకు వచ్చే చప్పుడు చాలాసార్లు ఒకటే. లోహం ఉందన్నంత వరకే యంత్రం పని. వయసు, యజమాని, అది అక్కడికి చేరిన కారణం తేల్చుకోవాల్సింది తవ్వినవాడే.

ఈ చివరిది, అంటే కారణం, అన్నిటికన్నా ముఖ్యం. తెలుగునాట నడుము కింద బంగారం పెట్టుకోకపోవడం ఆచారం గనుక కాలి మెట్టెలు వెండివే అవుతాయి. పొలం మట్టిలో నల్లబడిన మెట్టె ఒకటి దొరికిందంటే, నాటు వేస్తుండగా బురదలో జారిపోయి ఉండవచ్చు. భర్త చనిపోయినప్పుడు తీసేసినదై ఉండవచ్చు. పాతిపెట్టిన శవం కాలిదై ఉండవచ్చు. వస్తువు ఒకటే అయినా, మొదటిది పోగొట్టుకున్నది, రెండోది వదులుకున్నది, మూడోది చనిపోయిన మనిషికి బతికున్నవాళ్లు ఇచ్చినది. దొంగలకో యుద్ధానికో భయపడి కుండలో పెట్టి దాచినది ఇంకో రకం, నదికో దేవుడికో సమర్పించినది మరో రకం. ‘దొరికింది’ అనే మాట వీటన్నిటినీ ఒకే గాటన కడుతుంది. ధర్మవిచారం మాత్రం ప్రతిదాన్నీ విడిగా చూడాలి.

సొత్తు మనిషికి ఎన్ని దారుల్లో వస్తుందో గౌతమ ధర్మసూత్రం లెక్కపెట్టింది. వారసత్వం, కొనుగోలు, పంపకం, ఎవరిదీ కానిదాన్ని ముందుగా చేజిక్కించుకోవడం, దొరకడం అనే అయిదూ అందరికీ వర్తించే దారులని చెప్పింది. దొరకడం దొంగతనం పక్కన కాకుండా కొనుగోలు, వారసత్వాల పక్కన చేరడం గమనించదగ్గది. అయితే అదే గ్రంథం వెంటనే పగ్గం వేసింది. యజమాని ఎవరో తెలియని వస్తువు దొరికితే రాజుకు చెప్పాలి, రాజు చాటింపు వేయించి ఏడాది కాపాడాలి, అప్పటికీ ఎవరూ రాకపోతే దొరికినవాడికి నాలుగో వంతు, మిగిలింది రాజుది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఈ గడువును మూడేళ్లకు పెంచింది. నాదంటూ వచ్చినవాడు వస్తువు రూపం, సంఖ్య, పోయిన చోటు, కాలం సరిగ్గా చెప్పాలి. చెప్పలేకపోతే వస్తువు విలువంత జరిమానా కట్టాలి. ఈ రోజుకూ పోయిన ఉంగరం కోసం పోలీస్ స్టేషన్‌కు వెళ్లినవాళ్లను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

భూమిలో దాచిన నిధి విషయంలో మనువు తరతమ భేదాలు పాటించాడు. వేదం చదివిన బ్రాహ్మణుడికి దొరికితే మొత్తం అతనిదే. రాజుకు దొరికితే సగం బ్రాహ్మణులకు, సగం ఖజానాకు. యాజ్ఞవల్క్య స్మృతిదీ ఇదే ధోరణి. దాని మీద కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. ఇతరులకు దొరికితే ఆరో వంతు వాళ్లకిచ్చి మిగతాది రాజు తీసుకోవాలని అతని వివరణ. పదమూడో శతాబ్దంలో కేతన ఆ ధర్మాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం కూడా నిధి సంగతి తెలియజేసినవాడికి ఆరో వంతు, అతను రాజు జీతగాడైతే పన్నెండో వంతు ఇమ్మంది. కులాన్ని బట్టి వాటా మారడం నేటి న్యాయబుద్ధికి సరిపడదు, దాన్ని సమర్థించాల్సిన అవసరమూ లేదు. వాటాల లెక్కను పక్కన పెట్టి చూస్తే ఈ గ్రంథాలన్నిటికీ ఒక ఉమ్మడి నియమం ఉంది. దొరికినవాడు ముందు నోరు విప్పాలి. చెప్పాకే ఎవరి భాగం ఎంత అన్న ప్రశ్న పుడుతుంది. చెప్పకుండా దాచుకున్నవాడికి భాగం లేదు, దండనే ఉంది.

తెలుగువాళ్ల భూమి పత్రాల్లో ఈ ఆలోచన ఇంకో రూపంలో నిలిచిపోయింది. పాత దానశాసనాల నుంచి నిన్నమొన్నటి క్రయ దస్తావేజుల దాకా నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలు అనే అష్టభోగాలతో సహా భూమిని ఇచ్చినట్టు రాస్తారు. ఎకరం అమ్మిన రైతు ఆ నేలలో తన కంటికి కనబడనిదాని మీద కూడా హక్కు వదులుకున్నట్టే. దస్తావేజు రాసే గుమాస్తాకు అది అలవాటైన వరుస మాత్రమే కావచ్చు. ఆ వరుసలో మొదటి మాట నిధి కావడం మాత్రం, నేల కింది సొత్తు నేల యజమానిదన్న నమ్మకం ఎంత లోతుగా పాతుకుందో చూపుతుంది.

దొరికినవాడి నడత ఎలా ఉండాలో శాస్త్రాల కన్నా కథలే సూటిగా చెప్పాయి. రావణుడు ఎత్తుకుపోతుండగా సీత మూటగట్టి జారవిడిచిన నగలు ఋశ్యమూకం మీద సుగ్రీవుడి పరివారానికి దొరికాయి. అవి ఎవరివో వాళ్లకు తెలియదు. రాజ్యం పోగొట్టుకుని తలదాచుకుంటున్నవాళ్లు, అవసరం లేనివాళ్లేమీ కారు. అయినా గుహలో భద్రంగా ఉంచి, రాముడు వచ్చినప్పుడు ముందు పెట్టి గుర్తుపట్టమన్నారు. కాళిదాసు శాకుంతలంలో జాలరిది దీనికి ఎదురు కథ. చేప కడుపులో దొరికిన రాజముద్ర ఉంగరాన్ని అమ్మజూపి రాజభటులకు చిక్కుతాడు. దొంగవంటూ తన్నులు తింటాడు. ఉంగరం చూసిన రాజు దాని విలువంత సొమ్ము ఇప్పిస్తే, అందులో సగం భటుల చేతిలోనే పెడతాడు. పిల్లలమర్రి పినవీరభద్రుడు శృంగార శాకుంతలంగా ఈ కథను తెలుగు చేశాడు. నిజం చెప్పినా పేదవాడి మాట నమ్మరన్నది జాలరి కథలోని చేదు. దొరికింది దాచుకునేవాళ్లు ఇవాళ చెప్పే మొదటి కారణం కూడా ఇదే, అది పూర్తిగా సాకు అనడానికి లేదు. చెప్పడం దొరికినవాడి ధర్మమైతే, చెప్పినవాణ్ని దొంగలా చూడకపోవడం అధికారి ధర్మం. ఈ రెండోదాన్ని శాస్త్రకారులు తగినంత గట్టిగా చెప్పలేదు.

ఇస్లాం ధర్మశాస్త్రంలో దొరికిన వస్తువును లుకతా అంటారు. దాని సంచీ, ముడి ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకుని ఏడాదిపాటు ప్రకటించాలి. దక్కన్ ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గం ప్రకారం, ఏడాది గడిచాక దొరికినవాడు పేదవాడైతే వాడుకోవచ్చు, ఉన్నవాడైతే దానం చేయాలి. తర్వాత అసలు యజమాని వస్తే, ఆ దానాన్ని ఒప్పుకుని పుణ్యం తాను తీసుకోవచ్చు, లేదా విలువ ఇమ్మని అడగవచ్చు. భూమిలో దాగిన పూర్వకాలపు నిధికి వేరే లెక్క, అందులో అయిదో వంతు ప్రజల ఖజానాకు చేరాలి. బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయం మరీ కఠినం. భిక్షువు విలువైన వస్తువును దారిలో ముట్టుకోరాదు. విహారంలోనో తాను బస చేసిన చోటనో దొరికితే మాత్రం, పోగొట్టుకున్నవాడు వచ్చి తీసుకుపోయేందుకు తీసి ఉంచాలి. ఇవ్వనిదాన్ని తీసుకోకూడదన్న శీలానికి ఇది కొనసాగింపు.

యూదుల తల్మూద్‌లో బావా మెత్సియా రెండో అధ్యాయం అంతా దొరికిన వస్తువుల మీదే నడుస్తుంది. అక్కడి వాదమంతా యజమాని ఆశ వదులుకున్నాడా లేదా అన్న దాని చుట్టూ తిరుగుతుంది. గుర్తున్న వస్తువు పోగొట్టుకున్నవాడు తిరిగి వస్తుందన్న ఆశతో ఉంటాడు కాబట్టి దాన్ని చాటించాలి. సముద్రమో నది వరదో ఊడ్చుకుపోయిన వస్తువు మీద ఎవరికీ ఆశ ఉండదు కాబట్టి అది దొరికినవాడిది. పాలమూరు ప్రాంతంలో కృష్ణకు దగ్గర్లో ఉన్న కొల్లాపూర్‌కు ఈ ఒక్క సూత్రం చాలా దగ్గరి ప్రశ్న వేస్తుంది.

ఒకప్పుడు జటప్రోలు సంస్థానానికి రాజధానిగా ఉన్న కొల్లాపూర్‌కు దక్షిణాన, సోమశిల దగ్గర కృష్ణ ఇప్పుడు నదిలా కాక చెరువులా పరుచుకుని ఉంటుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ నీటి కింద 1980 దశకం మొదట్లో అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు మునిగాయి. జటప్రోలు గుళ్లను, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఎగువకు తరలించారు. మనుషుల సొత్తుకు అలాంటి జాగ్రత్త ఎవరూ తీసుకోలేదు. ఎండాకాలం నీరు వెనక్కి తగ్గినప్పుడు ఆవలి ఒడ్డున మరో సంగమేశ్వరాలయం బయటపడుతుంది, పాత ఊళ్ల గోడలు, బావులు తేలతాయి. ఆ బురదనేలలో ఉంగరమో మెట్టెల జతో కనబడితే అది ఎవరిదనాలి?

భూమికి, ఇంటికి ప్రభుత్వం పరిహారం కట్టింది కాబట్టి నేల ప్రభుత్వానిది, నేలలోనిదీ దానిదే అనవచ్చు. కానీ పరిహారం లెక్కగట్టిన కాగితాల్లో గోడలు, చెట్లు ఉన్నాయి, గూట్లో మరిచిపోయిన ఉంగరం లేదు. లెక్కకు రానిదాన్ని కొన్నట్టు ఎలా అవుతుంది? తల్మూద్ వాదం ప్రకారమైతే నీటిపాలైనదాని మీద యజమాని ఆశ వదులుకున్నట్టే. ఆ వాదం వరదకు సరిపోతుంది, జలాశయానికి సరిపోదు. వరద ఎవరి నిర్ణయమూ కాదు. ఇక్కడ నీళ్లు వస్తాయని ముందే తెలిసి, ఊరి వాళ్లను లేపి పంపారు. బలవంతం మీద పోయిన ఆశను ఇష్టపూర్వకంగా వదులుకున్న హక్కుగా లెక్కగట్టడం న్యాయం కాదు. పైగా ఆ ఇళ్లవాళ్లలో చాలామంది సంతానం ఈ చుట్టుపక్కలే ఉంది. ఏ గోడ ఎవరి ఇంటిదో చూపించగలిగిన పెద్దలు ఉన్నంతకాలం, మునక నేలలో దొరికిన ఉంగరం ఎవరిదీ కానిది కాదు. మనువు మూడేళ్ల గడువు వెనక ఉన్న తర్కం కూడా ఇదే. గడువు కాలానికి కాదు, అడగగలిగిన మనిషి ఉన్నాడా అన్నదానికి.

నదికి సమర్పించినది వేరు. 2016 పుష్కరాల్లో సోమశిల ఘాట్‌లో మునిగినవాళ్లు వేసిన నాణేల మీద వాళ్లకు ఇక హక్కు లేదు, వాళ్లే వదులుకున్నారు. నీళ్లలో దిగి వాటిని ఏరుకునే పిల్లలను దొంగలని ఎవరూ అనరు. అవుసలి దుకాణాల ముందు దుమ్ము ఊడ్చి, కడిగి, బంగారు రజను తీసుకుని బతికేవాళ్లనూ అనరు. అయితే అదే మునకలో వేలి నుంచి జారిన ఉంగరం సమర్పణ కాదు. నది చేతిలో పడ్డంత మాత్రాన పోగొట్టుకున్నది ఇచ్చినదిగా మారదు.

పూజకోసం పాతిపెట్టినదాని విషయంలో కృష్ణ దిగువన నాగార్జునకొండ ఒక దారి చూపింది. అక్కడి మహాచైత్యంలో పురావస్తువేత్త లాంగ్‌హర్స్ట్ జరిపిన తవ్వకాల్లో వెండి భరిణె లోపల చిన్న బంగారు భరిణె, అందులో ఎముక తునక దొరికాయి. ఆ ధాతువును తర్వాత మహాబోధి సొసైటీకి అప్పగించారు, అది సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది. పాతినవాళ్లు లేరు, వాళ్ల వారసులెవరో తెలియదు. పాతిన ఉద్దేశం మాత్రం తెలుసు, దాన్ని గౌరవించారు. పాలమూరు, నల్లగొండల్లో రాక్షసి గుళ్లని పిలిచే ఇనుప యుగపు సమాధులకు ఈ మర్యాద దక్కలేదు. వాటిలో చాలావాటిని నగల ఆశతో ఎప్పుడో తిరగేశారు.

గుప్తనిధుల ఆశ అక్కడితో ఆగలేదు. పాడుబడ్డ గుళ్లలో నంది విగ్రహాలు పగిలాయి, లింగాలు పెకిలిపోయాయి. గుప్తనిధులు తీసిస్తానని నమ్మించి పదకొండు మందిని చంపాడన్న ఆరోపణపై 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. మనిషి నేల కింద బంగారం మీద నడుస్తూ కూడా దాన్ని కనుక్కోలేడని, తనలోని బ్రహ్మాన్నీ అలాగే కనుక్కోలేడని ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో పోలిక చెప్పింది. ఆ పోలికలో వెతకాల్సింది బ్రహ్మాన్ని. ప్రజలు బంగారాన్ని పట్టుకున్నారు. యోగసూత్రాలు ఈ ఆశను మరో చివర నుంచి పట్టాయి. దొంగబుద్ధి పూర్తిగా పోయినవాడి ముందుకు అన్ని రత్నాలూ తామే వచ్చి నిలుస్తాయని పతంజలి మాట. కోరని వాడికే దొరుకుతుందన్న ఈ భావం, ‘ప్రాప్తం ఉన్నవాడికే నిధి’ అనే ఊరి మాటగా దిగజారి, మంత్రగాళ్లకు పెట్టుబడి అయింది.

ఊరి నమ్మకాల్లో ఇంకొకటి ఎక్కువ విలువైనది. బంగారం పోవడమే కాదు, దొరకడమూ మంచిది కాదంటారు. దొరికినది ఇంట్లో పెట్టుకుంటే అచ్చిరాదని తీసుకెళ్లి గుడి హుండీలో వేస్తారు. భయంతోనైనా పరుల సొత్తు ఇంట్లో ఉంచుకోకపోవడం మంచిదే. కానీ దానం అంటే తన హక్కు వదులుకుని ఎదుటివాడికి హక్కు కలిగించడమని ధర్మశాస్త్రాల నిర్వచనం. హక్కే లేనివాడు దేన్ని వదులుకుంటాడు? యజమానిని వెతక్కుండా హుండీలో వేసిన ఉంగరం దానం కాదు, దేవుడి దగ్గర దాచిపెట్టడం. ఈ చిక్కును హనఫీ నియమం చక్కగా విప్పింది. ముందు ఏడాది ప్రకటించాలి, ఆ తర్వాత చేసే దానం పోగొట్టుకున్నవాడి పేరు మీద జరగాలి. పుణ్యం కూడా ముందుగా అతనిదే.

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో నేల చదును చేస్తుండగా రాగి పాత్రలో నగలు బయటపడ్డాయి. సుమారు 190 గ్రాముల బంగారం, కిలోన్నరకు పైగా వెండి. జనం కొబ్బరికాయలతో తరలివచ్చి పూజలు చేశారు. రెవెన్యూ అధికారులు వచ్చి స్వాధీనం చేసుకున్నారు. ఊరికి అది దేవత సొమ్ము, రాజ్యానికి అది దొరికిన నిధి. నేల చదును చేయిస్తున్నవాళ్లు దాచకుండా చెప్పారు కాబట్టే ఈ రెండు వాదాలూ బహిరంగంగా తలపడగలిగాయి, పాత్రలోని వస్తువులు కరిగిపోకుండా మిగిలాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఎవరి మూసలోకో పోయి ఉంటే, అగస్టస్, టైబీరియస్‌ల కాలంలో ఈ నేలకు మధ్యధరా సముద్రంతో ఉన్న వర్తకానికి ఒక సాక్ష్యం చెరిగిపోయేది. కరిగించాక బరువు మిగులుతుంది, మరే వివరమూ మిగలదు. అందుకే పాత వస్తువు విషయంలో యజమాని లేకపోయినా హక్కుదారులు ఉంటారనాలి. చరిత్ర తెలుసుకునే తర్వాతి తరాలవాళ్లే ఆ హక్కుదారులు.

నేటి చట్టం ధర్మశాస్త్రాల దారికి మరీ దూరంగా లేదు. 1878 నాటి భారత నిధి చట్టం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపమంది. నూరేళ్ల లోపు దాచినదని రుజువైతే హక్కుదారుడి వాదన వినాలంది. ఎవరూ లేకపోతే, ఒప్పందం కుదరని చోట నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, మిగిలింది నేల యజమానికి ఇమ్మంది. ప్రభుత్వం తానే ఉంచుకుంటే లోహం విలువ మీద అయిదో వంతు కలిపి చెల్లించాలి. దాచినవాడికి ఏడాది దాకా జైలు. గౌతముడి నాలుగో వంతుతో పోలిస్తే ఇది దొరికినవాడికి చాలా ఉదారం. నిజాం రాజ్యం ఆ చట్టం పరిధికి బయట ఉండేది.

ఆ చట్టం మాట్లాడేది నేలలో దాచినదాని గురించి, జారిపడ్డ ఉంగరం గురించి కాదు. దానికి 1860 నాటి భారత శిక్షాస్మృతి 403వ సెక్షన్ ఉండేది. అందులో ఇచ్చిన ఉదాహరణల్లో చివరిది సరిగ్గా ఉంగరమే. విలువైన ఉంగరం దొరికినవాడు, అది ఎవరిదో తెలుసుకునే ప్రయత్నం చేయకుండా వెంటనే అమ్మేస్తే నేరం. యజమానికి అప్పగించాలని తీసి ఉంచుకోవడం నేరం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇదే నియమం 314వ సెక్షన్‌గా కొనసాగుతోంది. రక్షిత కట్టడాల పరిధిలో అనుమతి లేకుండా తవ్వడం 1958 చట్టం ప్రకారం వేరే నేరం. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది.

కాబట్టి కొల్లాపూర్ పరిసరాల్లో నేలలో దాచిన సొత్తు బయటపడితే చెప్పాల్సింది రెవెన్యూ అధికారులకు, ఒంటి మీది ఉంగరం దొరికితే పోలీసులకు. మునక నేలలో దొరికితే, ఆ పాత ఊరి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల కాలనీలో కూడా ఒక మాట చెప్పాలి.